గెలుస్తామని ఒక్కసారే అన్నాడు

పెదనాన్న పోయాడని గురువారం పొద్దున పెద్దమ్మ ఫోన్ చేసింది. అప్పుడు నేను కాలేజీ గేటు ఎదురుగా ఉన్న నా జిరాక్స్ షాపులో ఒక అమ్మాయికి స్కాలర్‌షిప్ ఫారం నింపుతున్నాను. షాపు ముందు బల్ల మీద ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని, మా కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు ఈసారి జగదల్‌పూర్ వాళ్ళని ఓడిస్తుందా లేదా అని గంట నుంచి వాదించుకుంటున్నారు. "మీ పెదనాన్న ఎల్లిపోనాడమ్మా, టీ కాసి తెచ్చేసరికి" అంది పెద్దమ్మ. నేను "సరే" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు. ఫారంలో మిగిలిన రెండు గడులూ నింపి, ప్రింటు తీసి అమ్మాయి చేతిలో పెట్టి, షట్టర్ దించాను. బల్ల మీది ఇడ్లీ హోటలాయన పెదనాన్నకి పాత స్నేహితుడు. విషయం వినగానే తల దించుకున్నాడు. రెండో ఆయన గూడ్సు బండి డ్రైవర్, ఈ ఊరికి కొత్త. పెదనాన్నని ఎరగడు. మాట మధ్యలో ఆగిపోయినందుకు కాస్త ఇబ్బందిపడి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. రాష్ట్రం దాటి, బైలాడీలా ఇనుప గనుల కొండ కింద టౌన్‌షిప్‌లో మా పక్క క్వార్టరు వాళ్ళు. నాన్నా ఆయనా శ్రీకాకుళం జిల్లాలో వేరువేరు ఊళ్ళ వాళ్ళే అయినా ఇక్కడ గని వర్క్‌షాపు ఒకదానిలోనే చేరారు. నాన్న ఎలక్ట్రీషియన్, ఆయన డంపర్ల మెకానిక్. డంపర్ అంటే కొండ మీద ఇనుప రాయి మోసే బండి, దాని చక్రమే మనిషి కంటే ఎత్తుంటుంది. అలాంటి బండి కింద ముప్పై ఏళ్ళు పడుకుని లేచిన మనిషి. నాన్నకంటే మూడేళ్ళు పెద్ద కాబట్టి పెదనాన్న. ఆయన భార్య పెద్దమ్మ. వాళ్ళకి పిల్లల్లేరు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే దీన్ని నేను ఒకసారి చాలా నీచంగా వాడుకున్నాను.

ఆయన వృత్తి అంతా చెవుల్లో ఉండేది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడట. లోపల ఏ బేరింగ్ అరిగిందో, ఏ బోల్టు వదులైందో ఆ చప్పుడే చెప్పేది. ఇంటి దగ్గరా అదే వరస. మా ఇంటికొస్తే కూర్చోకముందే కుక్కర్ పిడి ఊపి చూసి బిగించేవాడు. ఒకసారి వీధిలో పోతూ మా గ్రైండర్ చప్పుడు విని, గేటు దగ్గరే ఆగి, "ఇంకో వారం. అంతే" అన్నాడు. అమ్మ విసుక్కుంది. అయిదో రోజుకి గ్రైండర్ ఆగిపోయింది. అమ్మకి ఆయన మీద కోపం మరీ పెరిగింది.

టౌన్‌షిప్ గ్రౌండ్‌లో సిమెంటు కోర్టు ఉంది, దానికి ఒకపక్క ఏడు మెట్లు. మొదటి షిఫ్టు దిగినవాళ్ళు స్నానాలు చేసి, తలలు ఆరకముందే ఆ మెట్ల మీదకి చేరేవాళ్ళు. చలికాలం వస్తోందంటే సెక్టార్ మ్యాచ్‌లు. సెక్టార్ అంటే మా చుట్టుపక్కల జిల్లాల కాలేజీలు ఒకదానితో ఒకటి ఆడడం. దంతెవాడ, బీజాపూర్, జగదల్‌పూర్, ఇంకా రెండు మూడు. వాటిలో బాగా ఆడినవాళ్ళని ఏరి రాష్ట్రస్థాయి పోటీలకి పంపుతారు. ఆ సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగాల్లో ఆటల కోటా. కానీ మెట్ల మీది జనానికి ఈ లెక్కలేం పట్టవు. బీజాపూర్ మీద గెలిచి దంతెవాడ మీద ఓడితే మన పరిస్థితేంటి, జగదల్‌పూర్‌లో ఆ పొడుగు పిల్ల ఇంకా చదువుతోందా, పాసైపోయిందా. తగువు తెలుగులో మొదలై హిందీలో ముదిరి ఇక్కడి వాళ్ళ హల్బీ భాషలో నవ్వులతో చల్లారేది. ఎవరూ చిన్నప్పుడు బంతి ముట్టినవాళ్ళు కాదు. అందరూ కోచ్‌లే.

ఆ మెట్ల మీద ఒక కట్టుబాటు ఉండేది. జట్టు బయటి ఊరికి వెళ్తే వీళ్ళు ఒక జీపు మాట్లాడుకుని వెనకే వెళ్ళేవాళ్ళు. ముందురోజు సాయంత్రం జీపెక్కబోయే ప్రతివాడూ నలుగురి ముందు పైకి చెప్పాలి, రేపు గెలుస్తామా, ఓడతామా అని. ఓడిపోతామన్నవాడికి జీపులో చోటు లేదు. అపశకునాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎవరు వెళ్తారు? అందుకని మనసులో ఏమున్నా అందరూ గెలుస్తామనే అనేవాళ్ళు. పెదనాన్న ఒక్కడే అనేవాడు కాదు. ఎందుకు ఓడతామో వేళ్ళు మడిచి చెప్పేవాడు. ఫ్రీ త్రోలు పడడం లేదు. మన పిల్లలకి పరిగెత్తడం వచ్చింది, ఆగడం రాలేదు. చివరి పది నిమిషాల్లో అందరూ బంతినే చూస్తున్నారు, మనిషిని ఒక్కతీ చూడడం లేదు. ఇలా. జనం ఆయన మీద పడేవాళ్ళు. ఆయన ఒకటే అనేవాడు, "బండెంత లాగుతాదో డ్రైవర్ సెప్తాడు. ముందు ఏది ఇరుగుతాదో నాను సెప్తాను. ఇద్దరూ ఉండాలి మరి."

అలా ఎన్ని మ్యాచ్‌లకి ఊళ్ళోనే ఉండిపోయాడో. సాయంత్రం జీపు వచ్చే వేళకి రోడ్డు మలుపులో నిలబడేవాడు. ఓడి వస్తే ఏమీ అనేవాడు కాదు, ఇడ్లీ హోటలాయన భుజం మీద చెయ్యేసి నడిచేవాడు. గెలిచి వస్తే మాత్రం తన మాట తప్పినందుకు జీపులో వాళ్ళందరికంటే ఎక్కువ సంతోషపడేది ఆయనే. మర్నాడు మళ్ళీ ఓడిపోతామనే అనేవాడు. ఆ జట్టుని ఆయనంత ప్రేమించినవాళ్ళు ఆ మెట్ల మీద ఇంకొకరు లేరని నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నాకు ఆయనంటే ఒళ్ళు మండేది. ఎందుకంటే ఆ జట్టులో నేను ఉన్నాను.

బీఏ రెండో ఏడాది, పందొమ్మిదేళ్ళు. జట్టులో అందరికంటే పొట్టిదాన్ని, నోరు మాత్రం నాదే పెద్దది. ఆటలో బంతిని ముందుకు తెచ్చి మిగతావాళ్ళకి అందించడం నా పని. జింకలా పరిగెడతానని మెట్ల మీద పేరు. ఆ ఏడాది మేం మొదటి రెండు మ్యాచ్‌లూ గెలిచాం. మూడోది జగదల్‌పూర్‌లో. రాష్ట్రస్థాయికి పిల్లల్ని ఏరేవాళ్ళు ఆ మ్యాచ్‌కి వస్తున్నారని మా క్రీడాధికారి సారు చెప్పారు. నా పేరు వాళ్ళ నోట్లో ఉందని కూడా చెప్పారు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

దానికి సరిగ్గా పది రోజుల ముందు ప్రాక్టీసులో ఎగిరి దిగుతుంటే నా ఎడమ మోకాలు లోపలికి తిరిగింది. లోపల ఏదో తెగిన చప్పుడు నాకు వినిపించింది. రాత్రికి వాచింది. రెండు రోజులు జ్వరమని చెప్పి ఇంట్లో ఉన్నాను. తరవాత గట్టిగా గుడ్డ చుట్టి, పైన ట్రాక్ ప్యాంటు వేసుకుని వెళ్ళాను. సారు అడిగితే బాగుందన్నాను. అమ్మ అడిగితే బాగుందన్నాను. పరిగెత్తగలిగాను కూడా. నేరుగా పరిగెడితే నొప్పి తెలిసేది కాదు. ఎవరికీ అనుమానం రాలేదు.

మ్యాచ్‌కి మూడు రోజులు ఉందనగా ప్రాక్టీసు అయ్యాక కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాను. పెదనాన్న మెట్లు దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఎడం కాలు ఎప్పుడు పోయినాది?" అన్నాడు.

"ఏం కాలు పెదనాన్నా?"

"నాతోటి ఆటలాడకు. నువ్వు ఎగిరి దిగినప్పుడల్లా కుడికాలి సప్పుడే వస్తంది. ఎడంకాలు ఎనకాల వచ్చి ఊరికే పక్కన నిలబడతంది. మూడ్రోజుల నుండి ఇంటన్నాను. రేపు మీ సారుతోటి సెప్తాను."

ఆ మెట్ల మీద అంత గోలలో, వాదిస్తూనే, ఆయన నా కాళ్ళు వింటున్నాడు. నాకు ముందు భయమేసింది. తరవాత బతిమాలాను. ఈ ఒక్క మ్యాచ్, తరవాత నేనే చెబుతానన్నాను. వచ్చే ఏడాదికి ఈ అవకాశం ఉండదన్నాను. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. అప్పుడు అన్నాను ఆ మాట. ఇప్పటికీ అది అన్న చోటు, కుళాయి కింద పాచి పట్టిన సిమెంటు పలక, కళ్ళముందే ఉంటుంది.

"నీకు పిల్లలుంటే తెలిసేది పెదనాన్నా. సొంత కూతురైతే ఇలా నోటి దగ్గర కూడు లాగేస్తావా?"

ఆయన చేతులు చూసుకున్నాడు. నా పక్కనే కుళాయి తిప్పి, శుభ్రంగా ఉన్న చేతుల్నే మళ్ళీ కడుక్కున్నాడు. "సరే, ఎల్లు" అని వెళ్ళిపోయాడు. గెలిచాననుకున్నాను నేను.

జగదల్‌పూర్ వెళ్ళే ముందురోజు సాయంత్రం మెట్ల మీద మామూలుగానే అందరూ చేరారు. మేం కోర్టులో ఉన్నాం కాబట్టి నేను చెవులారా విన్నాను. ఒకరి తరవాత ఒకరు గెలుస్తామన్నారు. ఆయన వంతు వచ్చింది. మామూలుగా ఈ సమయానికి అందరూ నవ్వడం మొదలుపెడతారు. ఆయన కోర్టు వైపు చూడకుండా, "గెలుస్తాం" అన్నాడు. ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ తరవాత చప్పట్లు. ఎవరో ఆయన్ని ఎత్తుకోబోయారు. పెదనాన్నే ఒప్పుకున్నాడంటే ఇంక తిరుగులేదని, జీపులో ముందు సీటు ఆయనదేనని కేకలు. మా జట్టు పిల్లలు కూడా ఎగిరారు. నేనూ ఎగిరాను. కుడికాలి మీద దిగాను.

మర్నాడు ఆ జీపులో ఆయన ముందు సీట్లో కూర్చుని వచ్చాడు. కానీ మ్యాచ్ మొదలయ్యాక జనంలో కూర్చోలేదట. గ్రౌండు గోడ అవతల నీళ్ళ డ్రమ్ము దగ్గర నిలబడ్డాడని తరవాత చెప్పారు. ఆట మూడో భాగంలో మేం ఆరు పాయింట్లు ముందున్నాం. నేను బంతి లాక్కుని ఒక్కదాన్నే పరిగెత్తాను, అడ్డు ఎవరూ లేరు. ఎగిరాను. బంతి పడింది. నేను కూడా పడ్డాను. ఎలా పడ్డానో చెప్పను, చెప్పడానికి ఏమీ లేదు, మోకాలు ఉండవలసినట్టు లేదు, అంతే. జనం ఇంకా చప్పట్లు కొడుతున్నారు, నేను లేస్తాననుకుని. గోడ దాటి నా దగ్గరికి మొదట వచ్చింది పెదనాన్న. చూడలేదు ఆయన, చూసే చోట లేడు. విన్నాడు.

నన్ను మోసుకుంటూ వెళ్తుంటే ఆయన మొహం నా మొహానికి దగ్గరగా ఉంది. తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది. మేం నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. సాయంత్రం జీపులో ఎవరో అన్నారట, ముసలాయన ఎన్నడూ లేనిది గెలుస్తామన్నాడు, అదే దిష్టి కొట్టిందని. మొదట నవ్వులాటకి అన్నారు. వారం తిరిగేసరికి నిజంగానే అన్నారు. ఆ సంవత్సరం మళ్ళీ గెలవలేదు కూడా. ఆయన నా కాలి సంగతి చెప్పి తప్పించుకోలేదు. ఆ రోజు నుంచి పదిహేనేళ్ళు, చనిపోయేదాకా, ఆ మెట్ల మీద కూర్చోలేదు.

విశాఖపట్నంలో ఆపరేషన్ చేయించారు. రెండు ఎముకల మధ్య ఉండే కట్టు తెగిందని, ఆ తరవాత కూడా పది రోజులు ఆడడంతో పక్కన ఉన్నవి కూడా పాడయ్యాయని డాక్టరు నాన్నకి చెప్పాడు. పది రోజులన్న మాట నాన్నకి అర్థం కాలేదు. నేను అర్థం చేయించలేదు.

ఇంటికొచ్చాక మోకాలు వంగేది కాదు. కాలికి బరువు కట్టి ఎత్తమన్నారు. మర్నాడు పెదనాన్న పాత ప్యాంటు కాలు కత్తిరించి కుట్టిన సంచీ తెచ్చాడు. అందులో నీలం పొడి. కొండ మీద రోడ్డు పక్కన పేరుకునే మెత్తటి ఇనుప పొడి, పిడికెడే అయినా చేతిని కిందకి లాగేస్తుంది. చీలమండకి ఆ సంచీ కట్టి, రోజూ షిఫ్టు దిగాక వచ్చి, స్టూలు మీద కూర్చుని ఒకటి, రెండు అని లెక్కపెట్టేవాడు. ఆరు నెలలు. వారానికోసారి కుట్టు విప్పి ఇంకాస్త పొడి పోసి మళ్ళీ కుట్టేవాడు. కళ్ళు మూసుకుని లెక్కపెట్టేవాడు. నా మోకాలు లోపల ఏమంటోందో వింటున్నాడని నాకు తెలుసు. మా ఇద్దరి మధ్య ఆ కుళాయి దగ్గరి మాట ఎప్పుడూ రాలేదు. నేను ఎత్తుతాను, ఆయన లెక్కపెడతాడు. నేను నడవగలుగుతున్నానంటే ఆయన చలవే. మెట్లు దిగడం మాత్రం ఇప్పటికీ ఒక్కొక్కటే.

రిటైరయ్యాక మా వాళ్ళు చాలామంది శ్రీకాకుళం వెళ్ళిపోయారు, నాన్నతో సహా; నేను అప్పటికే షాపు పెట్టుకుని ఇక్కడే ఆగాను. ఆయన పాత బజారులో చిన్న ఇల్లు తీసుకుని ఉండిపోయాడు. ఎందుకని అడిగితే, "ఊరెల్లి ఎవరితోటి కొట్లాడాలమ్మా" అనేవాడు. ఇక్కడ కొట్లాడింది లేదు. మెట్లకి రాడు, నా షాపు బల్ల మీద ఇప్పుడు నడిచే వాదనల్లోకీ రాడు. బల్ల మీద అందరూ ఉన్నారంటే రోడ్డు అవతలి వైపు నుంచి నడిచి పోయేవాడు. ఇడ్లీ హోటలాయన ఒకసారి అన్నాడు, ఓడతామని చెప్పేవాడు లేకపోతే గెలుస్తామన్న మాటకి ఉప్పు లేదని. నేను ప్రింటర్లో కాగితం సర్దుతూ ఊరుకున్నాను. పదిహేనేళ్ళు ఊరుకోవడం నాకు అలవాటైపోయింది.

ఈ వానాకాలం చివర ఆయనకి ఆయాసం ఎక్కువైంది. మంచం పక్కన ఆక్సిజన్ మిషను పెట్టారు. ఆ మిషను మోగుతుంటే చిరాకుపడేవాడు, లోపల వాషర్ సరిగా లేదని. పోయేముందు ఆదివారం నేను వెళ్ళాను. కాసేపు పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులు, గ్యాస్ సిలిండరు మాట్లాడుకున్నాం. హఠాత్తుగా అడిగాడు, ఈసారి మన పిల్లలెలాగున్నారని. పదిహేనేళ్ళలో అదే మొదటిసారి. నేను గబగబా చెప్పాను. బీజాపూర్ మీద గెలిచారని, దంతెవాడ మీద కష్టపడి గెలిచారని, ఇక జగదల్‌పూర్ మిగిలిందని, అది ఈసారి మన గ్రౌండ్‌లోనేనని. సోమారి అని పొడుగు పిల్ల, దూరపు గోండు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుతోంది, ఒంటిచేత్తో గెలిపిస్తోందని. ఆయన కళ్ళు వెలిగాయి. ఫ్రీ త్రోలు పడుతున్నాయా అని అడిగాడు. నా ఫోన్లో ఎవరో పంపిన ప్రాక్టీసు వీడియో ఉంటే పెట్టి ఇచ్చాను. చూడలేదు. చెవికి పెట్టుకున్నాడు. కాసేపు విని ఇచ్చేశాడు.

"ఇందులో ఏటీ తెల్దు. నువ్వెల్లి మెట్ల మీద కూకో. ఎన్నాళ్ళయింది నువ్వెల్లి?"

ఆ మ్యాచ్ తరవాత నేను కూడా ఎప్పుడూ వెళ్ళలేదని ఆయనకి తెలుసు. ఇంక ఆగలేక, ఆ రోజు నేనన్న మాటకి క్షమించమని అడిగాను. ఏడ్చాను కూడా. ఆయన ఊపిరి సరిచేసుకునేదాకా ఆగి, ఒక్కొక్క మాటే చెప్పాడు.

"నువ్వడిగినావు. నీకు పందొమ్మిది. నాకు ఏభై ఏడు. అడగడం నీ వంతు. ఒప్పుకోకపోడం నా వంతు. నువ్వు పిల్లల మాట ఎత్తినావని నాకు రోసం వచ్చినాది. ఆ రోసంతోటి గెలుస్తామన్నాను. ఏది ముందు ఇరుగుతాదో తెలిసి సెప్పనోడు మెకానిక్ కాదు."

నేను ఆయన తప్పేం లేదన్నాను. ఆయన విసుగ్గా చెయ్యి ఊపాడు. ఊరడించొద్దు అన్నట్టు. నేను వెళ్తానంటే తల ఊపాడు. నాలుగు రోజులకి పోయాడు.

వాగు ఒడ్డున దహనం అయింది. పాత మెట్ల వాళ్ళు ఏడెనిమిదిమంది మిగిలారు, అందరూ వచ్చారు. చితి సగమయ్యాక మామూలుగా వచ్చే పాత కబుర్లు వచ్చాయి. ఒక్కసారి గెలుస్తామన్నాడు, ఆసారే ఓడించాడు, అని ఎవరో అంటే అందరూ కొంచెం నవ్వారు. కొంచెం దూరంలో పెద్దమ్మతో పాటు నేనున్నాను. నాకు వినిపించింది. అప్పుడే చెప్పవలసింది. చెప్పలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. చదివే మీకెవరికీ ఆయన తెలియకపోవచ్చు, ఆ మ్యాచ్ ఎవరికీ గుర్తుండకపోవచ్చు. దిష్టి కాదు. నేను అబద్ధమాడాను, ఆయన్నీ ఆడమన్నాను, పదిహేనేళ్ళు ఆ మాట ఆయన మోశాడు.

పదో రోజు కర్మ అయిన సాయంత్రం నేను గ్రౌండుకి వెళ్ళాను. మెట్ల మీద కుర్రాళ్ళు, ఇడ్లీ హోటలాయన, గూడ్సు బండి డ్రైవరు. నన్ను చూసి జరిగి చోటిచ్చారు. ఎల్లుండి జగదల్‌పూర్ మీద మ్యాచ్. సోమారి ఒక్కతి చాలు, ఇరవై తేడాతో గెలుస్తామని డ్రైవరు హిందీలో ఢంకా బజాయించి చెబుతున్నాడు. గెలిస్తే రాష్ట్రస్థాయికి సోమారి పేరు ఖాయమని, పోలీసు ఉద్యోగం కూడా ఖాయమని ఇంకొకరు. నాకు పెదనాన్న చెవులు లేవు. కానీ పదిహేనేళ్ళుగా ఒక చెడిపోయిన మోకాలితో కాపురం చేస్తున్నదాన్ని. కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపు మూసుకున్నానో, నిద్రపోతున్నాననుకుని పక్కవాళ్ళు నవ్వారు. సోమారి ఎగిరి దిగుతోంది. ఒక కాలే దిగుతోంది.

హాస్టల్ దారిలో ఆపి అడిగాను. మొదట అర్థం కానట్టు చూసింది. తరవాత నా కాలి వైపు చూసింది. ఆట మధ్యలో నా కాలు పోయిన సంగతి ఆమెకీ తెలుసు, ఈ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఈ మ్యాచ్ ఒక్కటే దీదీ, ఎవరికీ చెప్పకండి అని హిందీలో బతిమాలింది. చేతులు పట్టుకుంది. ఇంట్లో నలుగురు తనమీదే ఆశపెట్టుకున్నారంది. నేను కుదరదన్నాను. అప్పుడు చేతులు వదిలేసి, నెమ్మదిగా, చాలా మర్యాదగా అంది, "ఆప్‌కో క్యా దీదీ. ఆప్‌కీ తో దుకాన్ హై." మీకేం, మీకు షాపుంది అని. నిజమే కదా. నాకు నిజంగానే షాపు ఉంది. ఆ రాత్రికి అన్నం సయించలేదు. పొద్దున్నే వెళ్ళి క్రీడాధికారి సారుతో చెప్పాను. ఆయన కాలు పట్టి చూసి, జగదల్‌పూర్ పంపి స్కానింగ్ తీయించాలన్నారు. జట్టులోంచి తప్పించారు.

నేను చెప్పానన్న సంగతి మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది. షాపు బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. డ్రైవరు నా మొహం చూడకుండా, కొందరు తమకి దక్కనిది ఇంకొకరికి దక్కితే ఓర్వలేరని గోడకి చెప్పినట్టు చెప్పి పోయాడు.

మ్యాచ్ రోజు నేను మెట్ల చివర కూర్చున్నాను. నా చుట్టూ నాలుగడుగుల ఖాళీ. సోమారి జట్టు బట్టలు వేసుకుని బెంచి మీద కూర్చుంది. ఒక్కసారి కూడా అరవలేదు, చప్పట్లు కొట్టలేదు, బంతి ఎటుపోతే అటు కళ్ళు తిప్పుతూ కూర్చుంది. మన పిల్లలు ప్రాణం పెట్టి ఆడారు. చివరి నిమిషం దాకా సమానంగా ఉండి, మూడు పాయింట్లతో ఓడిపోయారు. జగదల్‌పూర్ పిల్లలు ఒకరి మీద ఒకరు పడి గంతులేస్తుంటే, రాష్ట్రస్థాయికి ఏరడానికి వచ్చినవాళ్ళు కాగితాలు మడిచి జీపెక్కారు. వాళ్ళు అడిగిన పేరు ఏదో నాకు తెలుసు. జనం లేచి వెళ్తూ నా పక్క నుంచి కాక చుట్టూ తిరిగి దిగారు. ఇడ్లీ హోటలాయన ఒక్కడూ ఆగాడు, తరవాత ఆయనా దిగి వెళ్ళిపోయాడు.

నేను ఒక్కొక్క మెట్టే దిగి గేటు దాకా వచ్చేసరికి సోమారి కూడా బయటికి వచ్చింది, సంచీ భుజాన వేసుకుని, ఒక్కతే. గేటు స్తంభం పట్టుకుని వంగి, రెండు చేతులతో మోకాలిని అదిమి పట్టుకుంది. ఆ తరవాత తలెత్తితే నేను కనిపించాను. చేతులు తీసేసింది. వీపు నిటారుగా పెట్టుకుంది. హాస్టల్ దాకా ఆ రోడ్డు తిన్నగా ఉంటుంది, ఎత్తు ఎక్కుతుంది. నేను చూస్తున్నానని తెలిసి, ఆ పిల్ల ఆ రోడ్డు పొడుగునా రెండు కాళ్ళూ సమానంగా వేస్తూ, ఎక్కడా కుంటకుండా, వెనక్కి తిరగకుండా నడిచి వెళ్ళింది. ఒక్కొక్క అడుగుకీ ఎంత నొప్పి పుట్టి ఉంటుందో నాకు తెలుసు.